ముఖానికి రాసింది కిడ్నీ దాకా

(బెంగళూరులో తెలుగు మహిళల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "సౌందర్య సాధనాలు, ఆరోగ్య భద్రత". మన ఇళ్లలో ఎవరూ వాటిని ఆ పేరుతో పిలవరు. స్నో, పౌడరు, క్రీము, డై, కాటుక, షాంపూ ప్యాకెట్టు, అంతే. ముప్పై ఏళ్లు మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డదాన్ని. జ్వరానికేం వాడాలి, దగ్గుకేం వాడాలి అని అడిగినట్టే "మేడం, ఈ క్రీము మంచిదేనా?" అని కూడా జనం అడుగుతూనే ఉండేవాళ్లు. ఆ అడగడంలో ఒక చిక్కుంది. వాళ్లకు కావలసింది "పనిచేస్తుందా" అని. నేను చెప్పవలసింది "హాని చేస్తుందా" అని. కొన్ని క్రీముల విషయంలో ఈ రెండింటికీ జవాబు ఒకటే. ఏ గుణం వల్ల పనిచేస్తుందో, ఆ గుణం వల్లే హాని చేస్తుంది. ముందు వాటి సంగతే చెబుతాను.

కేరళ మలప్పురం జిల్లాలో కొట్టక్కల్ అని ఒక ఊరుంది. ఆయుర్వేదానికి పేరున్న ఊరు. అక్కడి ఒక పెద్ద ఆసుపత్రిలో కిడ్నీ డాక్టర్లకు 2021 నుంచి 2023 మధ్య ఒక విడ్డూరం ఎదురైంది. మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే జబ్బు ఉంది. రక్తాన్ని వడగట్టే కిడ్నీలోని జల్లెడ దెబ్బతిని, ఒంట్లో ఉండాల్సిన ప్రోటీను మూత్రంలోకి జారిపోతుంది. కాళ్లు వాస్తాయి, ముఖం ఉబ్బుతుంది, మూత్రం నురుగుగా పోతుంది. అలాంటి రోగులు 22 మందిని పరీక్షిస్తే 15 మందిలో "నెల్-1" అనే రకం కనబడింది. మామూలుగా ఆ రకం చాలా అరుదు. ఇంతమందికి ఒకేచోట ఎందుకొచ్చింది? ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు, ఏ నాటుమందు వాడుతున్నారు అని ఆరా తీశారు. ఆ 15 మందిలో 13 మంది చెప్పిన సంగతి ఒకటే: తెల్లబడే క్రీము రాసుకుంటున్నామని. ఆ క్రీములు మానేశాక ఎక్కువమందికి జబ్బు తగ్గింది.

ఆ క్రీముల్లో ఉన్నది పాదరసం. 2023లో కేరళ ఔషధ నియంత్రణ శాఖ "ఆపరేషన్ సౌందర్య" పేరుతో దుకాణాల్లో సోదాలు చేసి, లైసెన్సు లేని, చిరునామా సరిగా లేని క్రీములను పట్టుకుంది. అది కేరళ గొడవ కదా అనుకోకండి. మహారాష్ట్రలోని అకోలాలో ఒకే ఇంట్లో తల్లికీ ఇద్దరు కూతుళ్లకూ కిడ్నీలు దెబ్బతిన్న కథ అదే ఏడాది పత్రికల్లో వచ్చింది. వాళ్లు వాడిందీ తెల్లబడే క్రీమే. పాదరసం ఉందని తేల్చింది ముంబైలో జరిగిన పరీక్ష.

పాదరసం రంగును ఎలా తగ్గిస్తుందో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తేనే మోసం అర్థమవుతుంది. మన చర్మానికి నలుపునిచ్చేది మెలనిన్. అది తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి. పాదరసం ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. అందుకే వారం పది రోజుల్లో తేడా కనబడుతుంది. "నిజంగా పనిచేస్తోందమ్మా" అని పక్కింటావిడకు కూడా చెప్తారు. అబద్ధం కాదు, పనిచేస్తోంది. కానీ పాదరసం చర్మం దగ్గర ఆగదు. లోపలికి ఇంకి కిడ్నీలో పేరుకుంటుంది. కొంత ఆవిరై, అదే గదిలో పడుకున్నవాళ్ల ఊపిరిలోకి పోతుంది. అదే తువ్వాలుతో చంటిబిడ్డ ముఖం తుడిస్తే బిడ్డకు అంటుతుంది. రాసుకున్నది ఒకరే, బాధ ఇంటిల్లిపాదికీ.

మన చట్టం ఏమంటోంది? 2020లో వచ్చిన కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదు. ఎక్కడినుంచో పొరపాటున చేరితే 1 పీపీఎం దాటకూడదు. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. వెయ్యి కిలోల క్రీములో ఒక్క గ్రాము అనుకోండి. కళ్ల దగ్గర వాడేవాటికి మాత్రం సూక్ష్మజీవులు పెరగకుండా 70 పీపీఎం దాకా వెసులుబాటు ఉంచారు. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. దొంగ క్రీముల్లో ఒక శాతం దాకా, అంతకు మించి కూడా పాదరసం దొరికిన దాఖలాలు ప్రపంచంలో చాలా దేశాల్లో ఉన్నాయి. ఒక శాతం అంటే 10,000 పీపీఎం. చట్టం ఒప్పుకున్నదానికి పదివేల రెట్లు.

జపాన్‌లో మినమాట అనే ఊళ్లో పాదరసం కలిసిన చేపలు తిని వేలమంది వికలాంగులయ్యారు. ఆ ఊరి పేరుమీదే 2013లో పాదరసం నియంత్రణకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2018లో మన దేశం దాన్ని ఆమోదించింది. 2025 తర్వాత పాదరసం కలిపిన సౌందర్య సాధనాల తయారీ, ఎగుమతి, దిగుమతి ఉండకూడదని ఆ ఒప్పందంలోని దేశాలు 2023లో తీర్మానించాయి. కాగితం మీద అంతా బాగుంది. మన వారపు సంతలో బండిమీద చూడండి, పేరు తెలియని అక్షరాలతో చిన్న డబ్బాలు వరుసగా ఉంటాయి.

నేను కేజీఎఫ్‌లో పుట్టి పెరిగినదాన్ని. గనులు మూతపడినా సైనైడ్ దిబ్బలు అలాగే ఉన్నాయి. ఆ దిబ్బ విషమని చిన్నపిల్లకు కూడా తెలుసు, కంటికి కనబడుతుంది కాబట్టి. డబ్బాలో తెల్లగా, సువాసనగా ఉన్నదాన్ని విషం అనుకోవడమే కష్టం.

సరే, అన్ని క్రీములూ ఇలాంటివేనా? కావు. ఇక్కడే "భద్రత" అనేదాన్ని ఎలా తేలుస్తారో కొంచెం ఓపికగా వినాలి. లేకపోతే అన్నిటికీ భయపడతాం, లేదా దేనికీ భయపడం. రెండూ ఒకటే.

ఏ పదార్థమైనా ఎంత మోతాదులో, ఎంతకాలం, ఏ దారిన ఒంట్లోకి వెళ్తుందన్నదే లెక్క. ఉప్పు కూడా మితిమీరితే ప్రాణం తీస్తుంది. యూరప్‌లో ఈ లెక్కకు ఒక పద్ధతి ఏర్పరిచారు. పెద్దవాళ్లు రోజుకు ముఖానికి సుమారు 1.54 గ్రాముల క్రీము వాడతారని, లిప్‌స్టిక్ 0.057 గ్రాములని, షాంపూ 10 గ్రాముల పైచిలుకు వాడినా కడిగేస్తారు కాబట్టి అందులో నూటికి ఒక వంతే ఒంటిమీద నిలుస్తుందని సగటులు పెట్టుకున్నారు. ఒక ముఖం క్రీములో పాడవకుండా ఉంచే మందు ఒక శాతం ఉందనుకోండి. రోజుకు 15.4 మిల్లీగ్రాములు చర్మం మీద పడుతుంది. అందులో పదో వంతు లోపలికి ఇంకిందనుకుంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి, కిలోకు 0.026 మిల్లీగ్రాములన్నమాట. ఇటు పక్క, ప్రయోగాల్లో ఏ మోతాదు దాకా హాని కనబడలేదో చూస్తారు. కిలోకు 50 మిల్లీగ్రాముల దాకా ఏమీ కాలేదనుకుందాం. ఈ రెండింటి మధ్య దూరం దాదాపు 1,900 రెట్లు. కనీసం వంద రెట్లు ఉండాలన్నది నియమం. వంద ఎందుకు? జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు పది రెట్లు, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు ఇంకో పది రెట్లు. అంకెలు నేను ఉదాహరణకు చెప్పినవి, పద్ధతి మాత్రం ఇదే. మన దేశంలో 2014 నుంచి సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషేధం. ఇప్పుడు ల్యాబుల్లో పెంచిన చర్మ కణాల మీద, పాత సమాచారం మీద ఎక్కువగా ఆధారపడతారు.

ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. సెల్‌ఫోన్లలో డబ్బా మీది గీతలు చూపిస్తే ఎర్ర మార్కు, పచ్చ మార్కు వేసే యాప్‌లు వచ్చాయి. మా చెల్లెలి కూతురు అవి చూసి సగం సామాను పారేసింది. పేరు చూసి భయపెట్టడం తేలిక. ఎంత ఉందో, ఎంత లోపలికి పోతుందో ఆ యాప్‌కు తెలియదు. అలాగే "హెర్బల్", "నేచురల్" అనే మాటలకు కూడా నేను చేయెత్తి మొక్కను. సురమా, కాటుక పేరుతో కొన్నిచోట్ల అమ్మేదాంట్లో సీసం ఖనిజమే ఉంటుంది. అదీ ప్రకృతి ఇచ్చిందే. సిందూరం సంగతీ అంతే. అమెరికా పరిశోధకులు న్యూజెర్సీలోనూ, మన ముంబై, ఢిల్లీల్లోనూ కొన్న 118 సిందూరం నమూనాలు పరీక్షించి 2017లో ప్రచురించారు. నాలుగింట మూడొంతులకు పైగా నమూనాల్లో సీసం కనబడింది. మూడింటిలో గ్రాముకు 10,000 మైక్రోగ్రాములు దాటింది. పెట్టుకున్న చేత్తోనే పిల్లలకు ముద్ద కలిపి పెడతాం. సీసం పిల్లల మెదడుకు చేసే చెరుపు మళ్లీ పూడదు.

అయితే ఆ వంద రెట్ల లెక్కలో రాని మనుషులు కొందరున్నారు. వాళ్ల కోసమే నేనీ మాటలు చెప్పడానికి ఒప్పుకున్నాను.

మొదటిది, పార్లర్‌లో పనిచేసే ఆడపిల్ల. బెంగళూరులో పౌరకార్మికుల కుటుంబాల్లో తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలుసు. చీపురు పట్టిన తల్లి, బిడ్డ చేతికి చీపురు రాకూడదని బ్యూటీషియన్ కోర్సు చేయిస్తుంది. మంచి పని చేసింది. కస్టమరు ఏడాదికి రెండుమూడుసార్లు జుట్టు సాపు చేయించుకుంటుంది. ఆ పిల్ల రోజుకు రెండుమూడు తలలు చేస్తుంది, కిటికీ లేని ఏసీ గదిలో. కెరటిన్, స్మూతెనింగ్ అనే పేర్లతో జరిగే పనుల్లో కొన్ని ద్రవాలు వేడి ఇస్త్రీ తగలగానే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. శవాలను పాడవకుండా ఉంచే ఫార్మాలిన్‌లో ఉండేది అదే. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి గ్లైఆక్సిలిక్ ఆమ్లం వాడేవీ వచ్చాయి. వాటివల్ల కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్న 26 మంది గురించి ఇజ్రాయెల్ డాక్టర్లు రాశారు. మళ్లీ కిడ్నీయే చూడండి. అమెరికాలో ముప్పైమూడు వేల పైచిలుకు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ఒక పరిశోధన 2022లో వచ్చింది. జుట్టు సాపు చేసే రసాయనాలు ఎన్నడూ వాడనివాళ్లలో డెబ్బై ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం ఉంటే, తరచుగా వాడేవాళ్లలో 4.05 శాతం ఉందని అంచనా కట్టింది. ఇది సంబంధం మాత్రమే, రుజువు కాదు. కానీ వాడినవాళ్లకే ఇలా ఉంటే వాడించే పిల్ల చేతులకూ ఊపిరికీ ఎంతన్నది ఎవరు లెక్కవేశారు? పార్లర్ యజమానిని మీరు అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, నైట్రిల్ గ్లౌజులు, సీసా మీది పదార్థాల జాబితా.

రెండోది, ప్యాకెట్టు కొనే మనిషి. ఇది వినండి, దీని మీద ఎవరూ మాట్లాడరు. షాంపూను చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మే వ్యాపారం పుట్టింది మన పక్కనే, తమిళనాడు కడలూరులో. చిన్ని కృష్ణన్ అనే ఆయన ఆలోచన అది. ఆయన కొడుకు 1983లో చిక్ షాంపూ తెచ్చాడు. పెద్ద సీసా కొనలేని కూలీ మనిషికి కూడా తలంటుకునే వీలు కలిగింది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ మన నిబంధన చూడండి. సౌందర్య సాధనాల మీద ఏమేం కలిపారో వరసగా రాయాలి, ఎక్కువున్నది ముందు. అయితే 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు, 30 గ్రాముల లోపు క్రీములకు, పొడులకు ఆ జాబితా వేయనక్కర్లేదు. చోటు చాలదని మినహాయింపు. అంటే ఏమైంది? పెద్ద సీసా కొన్నవాళ్లకు తాము ఏం వాడుతున్నామో తెలిసే హక్కుంది. ప్యాకెట్టు కొన్నవాళ్లకు లేదు. అదే షాంపూ, అదే ఫ్యాక్టరీ. కొన్ని కంపెనీలు తమంతట తాము చిన్న అక్షరాల్లో వేస్తాయి, అది వాళ్ల మంచితనం. సంతలో దొరికే తెల్లబడే క్రీముల డబ్బాలు చాలావరకు ఇరవై, ఇరవై అయిదు గ్రాములవే ఉంటాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఒక చిన్న గీతల గుర్తు వేసి, ఫోనుతో చూస్తే జాబితా వచ్చేలా చేయడం ఇవాళ ఎంతసేపు పని?

మూడోది, పిల్లలు. 1972లో ఫ్రాన్స్‌లో ఒక బేబీ పౌడరులో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారిణి ఫ్యాక్టరీలో పొరపాటున ఆరు శాతానికి పైగా కలిసిపోయింది. 36 మంది పసిపిల్లలు చనిపోయారు. పెద్దవాళ్ల చర్మం ఆపినదాన్ని పసిచర్మం ఆపలేదు. మూడేళ్ల తర్వాత, 1975లో ఫ్రాన్స్ సౌందర్య సాధనాలకు గట్టి చట్టం చేసుకుంది. ఈ రంగంలో చట్టాలన్నీ దాదాపు ఇలాగే, ఎవరో చనిపోయాకే వచ్చాయి. పౌడరు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. టాల్క్ "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలోకి 2024లో చేరింది. పసిబిడ్డకు పౌడరు అసలు అవసరమే లేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెమటకాయలకు చల్లటి నీళ్లు, పలచని నూలుబట్ట చాలు. అత్తగారు ఒప్పుకోకపోతే అది వేరే సమస్య.

పేరున్న కంపెనీ అయితే భయం లేదా అని అడుగుతారు. భయం తక్కువ, లేకపోలేదు. జపాన్‌లో కనెబో అనే పెద్ద కంపెనీ రోడోడెనాల్ అనే పదార్థంతో తెల్లబడే క్రీములు చేసింది. అక్కడి ప్రభుత్వం పరీక్షలు చూసి అనుమతించినదే. లక్షలమంది వాడారు. కొందరికి ముఖం మీద, మెడ మీద, చేతుల మీద బొల్లి మచ్చల్లాంటివి వచ్చాయి. తొలి ఫిర్యాదులను, ఆ మనిషికే ఏదో జబ్బుందిలే అని కొట్టిపారేశారు. 2013 జులైలో సరుకంతా వెనక్కి తీసుకునేనాటికి ఆలస్యమైంది. బాధితుల సంఖ్య చివరకు 19,000 దాటింది. పరీక్ష సరిగ్గానే జరిగి ఉండొచ్చు. కానీ సరుకు అమ్మడం మొదలయ్యాక వచ్చే మొదటి పది ఫిర్యాదులను వినే చెవి లేకపోతే ఏ పరీక్షా కాపాడదు. నాకు తెలిసిన పాఠాల్లో ఇది పెద్దది.

ఇక మన షాపుల్లోనే, లైసెన్సుతోనే దొరికే ప్రమాదం ఒకటుంది. స్టెరాయిడ్ క్రీములు. ఇవి సౌందర్య సాధనాలు కావు, మందులు. తామరకు, గజ్జికి, మంగుకు అని చెప్పి మొమెటాసోన్, బీటామెథసోన్, క్లోబెటాసోల్ లాంటివి ఉన్న ట్యూబులు ఇస్తారు. మంగుకు ఇచ్చే మూడు మందుల క్రీములో స్టెరాయిడ్‌తోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా ఉంటాయి. డాక్టరు కొద్ది వారాలకని రాస్తే, మన పిల్లలు కొన్నేళ్లు రాస్తారు, ముఖం మెరుస్తోంది కదా అని. తర్వాత చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, ఎర్రటి నరాలు కనబడతాయి, మొటిమలు లేస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట. మంట తట్టుకోలేక మళ్లీ రాస్తారు. మన దేశంలో 12 కేంద్రాల చర్మవైద్యులు ముఖం సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ఇలా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లే. ఆ సంగతి 2011లో ప్రచురించారు. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అమ్ముతూనే ఉన్నారు. ట్యూబు మీద ఎర్ర గీత ఉంటే అది మీరు అడిగి కొనుక్కునేది కాదు. ఇప్పటికే ఏళ్లుగా రాస్తున్నవాళ్లు ఇవాళ విని రేపు ఒక్కసారిగా ఆపకండి. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లి మెల్లగా మానాలి.

తలకు వేసే రంగు గురించి రెండు మాటలు. నల్లరంగుల్లో పీపీడీ ఉంటుంది. అది కొందరికి పడదు. మొదటిసారి పడి, పదోసారి పడకపోవచ్చు. అందుకే ప్రతిసారీ చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. కళ్లు మూసుకుపోయేలా ముఖం వాస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. కనుబొమలకు, మీసాలకు ఆ రంగు వేయొద్దు. 1930లలో అమెరికాలో ఇలాంటి రంగే కనురెప్పలకు వేసుకుని చూపు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇక "నల్ల మెహందీ" అనేది లేనే లేదు. గోరింటాకు పండితే ఎరుపే. పది నిమిషాల్లో నల్లగా పండిందంటే అందులో పీపీడీ ఉందనే అనుమానించాలి.

ఇంతా చెప్పి, అసలు సంగతి వదిలేస్తే నా మాటలు పిల్లలను తిట్టినట్టే ఉంటాయి. పాదరసం ఎందుకు అమ్ముడవుతోంది? "పిల్ల కొంచెం నలుపు" అన్న మాటకు కట్నం పెరుగుతోంది కాబట్టి. "మీవాళ్లలా లేవే, తెల్లగా ఉన్నావే" అని మెచ్చుకోలుగా అనే మాట వెనక కులం ఉంది కాబట్టి. షోరూములో, రిసెప్షన్‌లో ఎవరిని కూర్చోబెడుతున్నారో చూస్తున్నాం కాబట్టి. ఎండలో రోడ్డు ఊడ్చే మనిషి రంగును అవమానించి, ఆమెకే రంగు మార్చే డబ్బా అమ్మడం ఎంత లాభసాటి వ్యాపారమో ఆలోచించండి. చెన్నైలో కవితా ఇమ్మాన్యుయేల్ 2009లో "డార్క్ ఈజ్ బ్యూటిఫుల్" అనే ఉద్యమం మొదలుపెట్టారు. ఆ తర్వాత 2014లో, నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల మండలి నియమం పెట్టింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, బొమ్మలో అమ్మాయి ఇంకా అలాగే వెలుగుతోంది. మన ఇంట్లో పసిబిడ్డ పుట్టగానే మొదట చెవులు చూసి "రంగు తేలుతుందిలే" అనడం మానామా? ఆ మాటకు లైసెన్సు అక్కర్లేదు, పరీక్షా లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను.

కొనేటప్పుడు ఇవి చూడండి: తయారీదారు పేరు, పూర్తి చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ. ఇవి లేనిదాన్ని ముట్టుకోవద్దు. జాబితాలో కాలొమెల్, మెర్క్యూరిక్, మెర్క్యూరస్, అమోనియేటెడ్ మెర్క్యూరీ అనే మాటలుంటే పాదరసమే. దొంగ క్రీము మీద ఆ పేరు కూడా ఉండదనుకోండి. "వెండి, బంగారం, అల్యూమినియం నగలకు తగలనివ్వకండి" అని రాసి ఉంటే గట్టిగా అనుమానించండి. పాదరసం ఆ లోహాలను పాడుచేస్తుంది కాబట్టే ఆ హెచ్చరిక. తెల్లబడే క్రీము వాడేవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, పేరు చెప్పనక్కర్లేదు, క్రీము ఆపి ప్రభుత్వ ఆసుపత్రిలో మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయించుకోండి. చిన్న పరీక్ష. పాదాల వాపు, మూత్రంలో నురుగు ఉంటే ఆలస్యం చేయొద్దు. ఏ క్రీము వాడారో డాక్టరుకు చూపించండి, సిగ్గుపడి దాచొద్దు. కొట్టక్కల్ డాక్టర్లకు దారి దొరికింది రోగులు ఆ మాట బయటపెట్టడం వల్లే.

రెండో పని మన సంఘానిది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో 26వ సెక్షన్ అని ఒకటుంది. ఎవరైనా సరే, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమైనా సరే, తాము కొన్న మందును గానీ సౌందర్య సాధనాన్ని గానీ నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడికి పరీక్షకు పంపవచ్చు. నివేదిక ఇవ్వడం ఆయన విధి. దీన్ని వాడుకున్నవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఒక్క మనిషికి రుసుము, తిరుగుడు భారం. పదిమంది కలిస్తే కాదు. ఇక్కడ కర్ణాటక ఔషధ నియంత్రణ విభాగం ఉంది. షోలాపూర్, ముంబై వాళ్లకు మహారాష్ట్ర ఎఫ్‌డీఏ ఉంది. చెన్నై, బరంపురం వాళ్లకు వాళ్ల రాష్ట్ర శాఖలు, యానాం వాళ్లకు పుదుచ్చేరి శాఖ. స్టెరాయిడ్ క్రీముతో చెడు జరిగితే అది మందు కాబట్టి 1800 180 3024 నంబరుకు ఉచితంగా ఫోను చేసి నమోదు చేయించవచ్చు.

కాబట్టి వచ్చే నెల సమావేశానికి ఒక్కొక్కరు మీ వీధిలో, మీ సంతలో ఎక్కువ అమ్ముడయ్యే తెల్లబడే క్రీము ఒకటి తీసుకురండి. మూత తీయకండి. పెట్టె పారేయకండి. బిల్లు అడగండి, ఇవ్వనంటే షాపు పేరు, తేదీ, ధర ఒక కాగితం మీద రాసుకుని రండి. ఒకే బ్యాచ్‌వి మూడు దొరికితే మూడూ తెండి. పార్లర్లలో పనిచేసే పిల్లలు మీరు వాడే సీసాల మీది పేర్లు ఫోటో తీసుకురండి, యజమానికి తెలియకుండా తీయాల్సి వస్తే మీ పేరు మా రిజిస్టరులో రాయం. దరఖాస్తు కాగితాలు నేను తెస్తాను. రుసుముకు ఎంతవుతుందో కనుక్కుని, మన కోశాధికారి వదినతో మాట్లాడతాను.